సూత్రం గుర్తులేదా? గ్రాఫ్ గీయండి!

వర్గ ప్రమేయాలంటే టెన్త్‌తో వదిలేసిన లెక్కలే అనుకుంటున్నారా? బ్యాంకు పరీక్షల నుంచి డేటా సైన్స్ ఇంటర్వ్యూల దాకా అవి మళ్లీ ఎదురవుతూనే ఉంటాయి. డిగ్రీలో మీ సబ్జెక్టు ఏదైనా సరే, ఒక అరగంట కేటాయించండి చాలు.

కోటతో మొదలు

విజయనగరం కోట మీరు చూసే ఉంటారు. 1713లో పునాది పడిన ఆ కోట చతురస్రాకారంలో ఉంటుంది, నాలుగు మూలలా బురుజులు. గోడ పొడవు అంతే ఉంచి, కోటను దీర్ఘచతురస్రంగా సాగదీస్తే లోపలి స్థలం పెరుగుతుందా, తగ్గుతుందా?

లెక్క కోసం గోడ చుట్టుకొలత 400 మీటర్లు అనుకుందాం. ఒక భుజం ఎక్స్ అయితే, పక్క భుజం 200 – ఎక్స్. వైశాల్యం ఎక్స్(200 – ఎక్స్), అంటే 200ఎక్స్ – ఎక్స్². ఇలా ఎక్స్ వర్గమే అతి పెద్ద ఘాతంగా ఉంటే, అదే వర్గ ప్రమేయం.

ఇప్పుడు విలువలు వేసి చూడండి.

ఎక్స్ 0 అయితే వైశాల్యం 0
50 అయితే 7,500
100 అయితే 10,000
150 అయితే 7,500
200 అయితే మళ్లీ 0

ఈ బిందువులను గ్రాఫ్ పేపర్ మీద పెట్టి, స్కేలు వాడకుండా నున్నగా కలపండి. కొండలా లేచి, అదే తీరుగా దిగే గీత వస్తుంది. దీన్నే పరావలయం అంటారు. దాని శిఖరం 100 దగ్గర ఉంది, అంటే నాలుగు భుజాలూ సమానమైనప్పుడు. చతురస్రాన్ని ఎలా సాగదీసినా స్థలం తగ్గాల్సిందే.

మూడు చూస్తే చాలు

1. గుర్తు: ఎక్స్² ముందు ప్లస్ ఉంటే గ్రాఫ్ నిలబెట్టిన గిన్నె, దానికి కనిష్ఠం ఉంటుంది. మైనస్ ఉంటే బోర్లించిన గిన్నె, దానికి గరిష్ఠం ఉంటుంది.

2. సున్నాలు: గ్రాఫ్ అడ్డగీతను తాకే చోట్లు. పై లెక్కలో 0, 200.

3. శీర్షం: సున్నాలు రెండుంటే వాటికి సరిగ్గా నడుమ ఉంటుంది. గ్రాఫ్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టే ఇది సాధ్యం.

పలాస జీడిపప్పు లెక్క

ఒక వ్యాపారి కిలో 800 రూపాయల చొప్పున రోజుకు 100 కిలోలు అమ్ముతున్నాడనుకుందాం. ధర 10 రూపాయలు పెంచినప్పుడల్లా అమ్మకం ఒక కిలో తగ్గుతుంది. ఏ ధరకు ఎక్కువ డబ్బు వస్తుంది?

ధర ఎన్ సార్లు పెంచితే రాబడి (800 + 10ఎన్)(100 – ఎన్). సున్నాలు –80, 100. నడిమి విలువ 10. అంటే ధర 900, అమ్మకం 90 కిలోలు, రాబడి 81,000 రూపాయలు. మొదట వచ్చింది 80,000. ఆప్షన్లు ఒక్కొక్కటీ వేసి చూసే పని తప్పింది కదా!

సున్నాలే లేకపోతే?

ఎక్స్² – 4ఎక్స్ + 5 కనిష్ఠ విలువ ఎంత? ఏ, బీ, సీ అనే గుణకాలు ఇక్కడ 1, –4, 5. విచక్షణి బీ² – 4ఏసీ = 16 – 20 = –4. రుణాత్మకం కాబట్టి గ్రాఫ్ అడ్డగీతను తాకదు. కంగారేం లేదు, శీర్షం ఎప్పుడూ –బీ/2ఏ దగ్గరే. ఇక్కడ 4/2 = 2. ఎక్స్ బదులు 2 వేస్తే జవాబు 1. విచక్షణి సున్నా అయితే గ్రాఫ్ ఒక్క చోట తాకుతుంది, ధనాత్మకమైతే రెండు చోట్ల.

ఉద్యోగానికి ఎక్కడ పనికొస్తుంది?

బ్యాంకు పరీక్షల్లో రెండు వర్గ సమీకరణాలిచ్చి, వాటి మూలాలను పోల్చమంటారు. ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో గరిష్ఠ, కనిష్ఠ విలువలు అడుగుతారు. మెషీన్ లెర్నింగ్‌లో సరళ రిగ్రెషన్ తీసుకోండి. తప్పులను వర్గం చేసి కూడితే, ఒక గుణకానికి వచ్చే గ్రాఫ్ నిలబెట్టిన గిన్నెలాగే ఉంటుంది. దాని అడుగు వెతకడమే అక్కడ పని. ఇంటర్వ్యూలో ఈ బొమ్మ గీసి చెప్పగలిగితే, మీకు విషయం అర్థమైందని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

మీ వంతు

వంశధార కాలువ పక్కన దీర్ఘచతురస్రాకారపు పొలం. కాలువ వైపు కంచె అక్కర్లేదు. మిగతా మూడు వైపులకు 200 మీటర్ల తీగ ఉంది. ఎక్కువ స్థలం రావాలంటే కొలతలెంత? ముందు గ్రాఫ్ గీసి, తర్వాతే జవాబు చూడండి.

జవాబు: కాలువకు అడ్డంగా వచ్చే వైపులు 50 మీటర్ల చొప్పున, కాలువ వెంబడి 100 మీటర్లు. వైశాల్యం 5,000 చదరపు మీటర్లు. ఈసారి చతురస్రం రాలేదేం? ఎక్స్(200 – 2ఎక్స్) సున్నాలు ఎక్కడున్నాయో చూడండి, మీకే తెలుస్తుంది.