ఏటి బంగారం - సభలో లేనివారి హక్కు

భూమికి గట్టు వేసి హద్దు నిర్ణయించవచ్చు. పారే నీటికి, ఆ నీటి అడుగున ఇసుకలో కలిసియున్న బంగారు రేణువులకు హద్దు నిర్ణయించడం ఎట్లా? పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో కాలిఫోర్నియాకు తరలివచ్చిన వేలాది జనానికి ఈ ప్రశ్న జీవన్మరణ సమస్య అయింది. దానికి సమాధానంగా అక్కడ ఏర్పడిన నిబంధనల చరిత్ర, చట్టం ఎట్లా పుడుతుందో, ఎవరి కొరకు పుడుతుందో తెలిసికోగోరే ప్రతి విద్యార్థికీ ఉపయుక్తమైనది.

1848 జనవరి 24న కొలోమా అనే చోట, అమెరికన్ నది దక్షిణ శాఖ ఒడ్డున, జాన్ సట్టర్ కొరకు రంపపు మిల్లు నిర్మిస్తున్న జేమ్స్ మార్షల్ మిల్లుకాలువలో బంగారు తునకలు చూశాడు. అప్పటికి ఆ దేశం శాసనరీత్యా ఇంకా మెక్సికోదే. ఫిబ్రవరి 2న జరిగిన సంధితో అది అమెరికా సంయుక్త రాష్ట్రాలకు సంక్రమించింది. ఫిబ్రవరి 12న సైనిక గవర్నరు కల్నల్ రిచర్డ్ మేసన్ అక్కడి మెక్సికో గనుల విధానాన్ని రద్దు చేశాడు. దాని స్థానే మరొక చట్టం రాలేదు. బంగారమున్న నేల ప్రభుత్వానిది. త్రవ్వుతున్నవారికి పత్రమూ లేదు, పట్టా లేదు. వారిని అడ్డగించడానికి చాలినంత బలగం మేసన్ వద్ద లేదు. సైనికులే కొలువు విడిచి ఏటి గట్లకు పరుగులు తీస్తున్న కాలమది.

ఈ శూన్యంలో గనివాండ్రు తమ చట్టాన్ని తామే నిర్మించుకొన్నారు. ఒక వాగు వెంటనో, లోయలోనో పనిచేసేవారు సభ చేరి, ఆ ప్రాంతాన్ని ఒక 'గనుల జిల్లా'గా ప్రకటించి, నియమాలు వ్రాసి, వాటిని నమోదు చేయడానికి ఒక లేఖకుని ఎన్నుకొనేవారు. ఒక్కొక్కనికి దక్కే భాగాన్ని 'క్లెయిమ్' అన్నారు. బంగారం దట్టంగా దొరికే చోట అది కొద్ది అడుగుల చదరం మాత్రమే. పలుచగా ఉన్నచోట పెద్దది. కొత్త చోటు కనిపెట్టినవానికి సాధారణంగా ఒక భాగం అదనం. హద్దుల వద్ద గుంజలు పాతాలి. పేరు నమోదు చేయించాలి. అన్నిటికంటె ముఖ్యమైన నియమం, పని చేస్తున్నంతకాలమే హక్కు నిలవడం. నిర్ణీతమైన రోజులు పని మానితే క్లెయిమ్ మరొకనికి పోతుంది. ధనవంతుడు నేలనంతటినీ చుట్టబెట్టి ఖాళీగా ఉంచుకోకుండా ఈ నియమం కాపాడింది.

నదీగర్భం విషయం మరింత చిక్కైనది. వేసవిలో నీరు తగ్గినప్పుడు పలువురు కూటమిగా చేరి, అడ్డుకట్ట వేసి, చెక్కతూముల ద్వారా ఏటిని ప్రక్కకు మళ్లించి, బయటపడిన అడుగును త్రవ్వేవారు. ఒకని మళ్లింపు మరొకని పనికి నీరు లేకుండా చేసేది. ఈ తగవులలో 'ముందు వచ్చినవానిది ముందు హక్కు' అనే సూత్రం స్థిరపడింది. 1851లో కాలిఫోర్నియా శాసనసభ, గనుల వివాదాలలో ఆయా జిల్లాల ఆచారాలు చట్టవిరుద్ధం కానంతవరకు ప్రమాణమని శాసించింది. 1855లో అక్కడి సుప్రీంకోర్టు ఇర్విన్, ఫిలిప్స్ అనేవారి మధ్య నడిచిన వ్యాజ్యంలో నీటికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

జిల్లా సభలలో పుట్టిన ఈ ఆచారాన్ని 1866, 1870, 1872 సంవత్సరాల సమాఖ్య చట్టాలు క్రమంగా దేశపు చట్టంగా మార్చాయి. 1872 మే 10నాటి చట్టం ప్రకారం ఒండ్రుమట్టిలోని బంగారానికి ఒక వ్యక్తి 20 ఎకరాలు, ఎనిమిదిమంది కూటమి 160 ఎకరాలు క్లెయిమ్ చేయవచ్చు. ఏటా 100 డాలర్ల విలువైన పని చూపాలి. నౌకాయానానికి అనువైన నదుల అడుగునేల మాత్రం రాష్ట్రాలదే గనుక ఆ చట్టం క్రిందికి రాదు. కొన్ని మార్పులతో ఆ చట్టం నేటికీ అమలులో ఉన్నది.

ఇంతవరకు చూస్తే ఇది స్వయంపాలనకు చక్కని ఉదాహరణ. కాని ఆ సభలలో ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అని అడిగినప్పుడు మరొక చిత్రం కనిపిస్తుంది. ఆ నదుల ఒడ్డున తరతరాలుగా నివసించిన ఆదివాసులను ఏ జిల్లా సభా హక్కుదారులుగా లెక్కించలేదు. 1848 ప్రాంతంలో సుమారు లక్షా యాభైవేలుగా అంచనా వేయబడిన వారి జనసంఖ్య 1870 నాటికి ముప్పదివేల ప్రాంతానికి క్షీణించింది. 1850లో విదేశీయులైన గనివాండ్రపై నెలకు 20 డాలర్ల పన్ను విధించారు. మరుసటి ఏడు దాన్ని తీసివేసి, 1852లో నెలకు 3 డాలర్లుగా తిరిగి తెచ్చారు. ఆ భారం ముఖ్యంగా చైనీయులపై పడింది. శ్వేతజాతీయునిపై చైనీయుని సాక్ష్యం చెల్లదని 1854లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిర్ణయించింది. సాక్ష్యమే చెల్లనివానికి క్లెయిమ్ ఉండి ఏమి ప్రయోజనం? దానిని ఎవరైనా లాగుకొంటే న్యాయస్థానంలో అతని నోరు పెగిలే మార్గమే లేదు.

సభలో లేనివారు మరికొందరున్నారు. వారు దిగువ మైదానపు రైతులు. 1853లో ఎడ్వర్డ్ మాటిసన్ అనే గనివాడు గొట్టం ద్వారా నీటిని ఉద్ధృతంగా చిమ్మి గుట్టలను కరిగించే పద్ధతిని కనిపెట్టాడు. పెద్ద కంపెనీలు దానిని చేపట్టి కొండలనే కడిగివేశాయి. బంగారం వారికి దక్కింది. మట్టి, గులకరాయి యూబా, ఫెదర్ నదులలోకి కొట్టుకుపోయింది. యూబా నది అడుగు మేరీస్‌విల్ పట్టణపు వీథులకంటె ఎత్తుకు లేచింది. కరకట్టలు ఎంత పెంచినా చాలలేదు. 1875లో వరద ఆ పట్టణాన్ని ముంచెత్తింది. సారవంతమైన పొలాలు, తోటలు మేట క్రింద పూడిపోయాయి.

మేరీస్‌విల్‌లో ఆస్తిగల ఎడ్వర్డ్స్ వుడ్రఫ్ నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీపై వ్యాజ్యం తెచ్చాడు. గనిపని ఆ దేశపు ఆచారమనీ, చట్టాలు దానిని ఆమోదించాయనీ కంపెనీ వాదించింది. 1884 జనవరి 7న న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, వ్యర్థాలను నదులలోకి వదలరాదని శాశ్వత నిషేధాజ్ఞ ఇచ్చాడు. ఆయన కూడా 1850లో కాలిఫోర్నియాకు వచ్చి కొద్దికాలం గనులలో పనిచేసినవాడే కావడం గమనార్హం. తన సొత్తును ఇతరులకు హాని కలుగని రీతిలో అనుభవించాలన్నది ఆ తీర్పుకు ఆధారమైన ప్రాచీన న్యాయసూత్రం. మన కళాశాల విద్యార్థులలో పలువురు ఎరిగిన ఫిఖ్ శాస్త్రంలోనూ ఇది మూలసూత్రమే: ఒకరికి హాని చేయడమూ తగదు, హానికి హానిని బదులు చేయడమూ తగదు.

సాయర్ గనిపనిని నిషేధించలేదు. మట్టి భారాన్ని పొరుగువాని నెత్తిన వేయడాన్ని నిషేధించాడు. ఈ భేదాన్ని అనుసరించే 1893లో కామినెట్టి చట్టం వచ్చింది. సైనిక ఇంజనీర్లతో ఒక సంఘం ఏర్పడి, మట్టిని ఆపే ఆనకట్ట కట్టినవారికే నీటి చిమ్ముడుకు అనుమతి ఇవ్వసాగింది.

1898 నుండి ఫెదర్ నదీతీరాన ఓరోవిల్ వద్ద డ్రెడ్జర్లు దిగాయి. ఇవి నీటిపై తేలే పెద్ద పడవలు. గొలుసుకు కట్టిన బకెట్లతో అడుగుమట్టిని తోడి, జల్లించి, బంగారం తీసికొని, రాళ్లను వెనుకకు పోస్తాయి. ఈ యంత్రం న్యూజిలాండులో వృద్ధి చెందింది. అక్కడ 1889లో షాటోవర్ నదిపై దానితో ఘనవిజయం సాధించి ఇతరులకు దారి చూపినవాడు చోయీ స్యూ హోయ్ అనే చైనా వర్తకుడు. కాలిఫోర్నియా పన్ను వేసి తరుమజూచిన జాతివారిలో ఒకడు మరొక దేశంలో ఈ పరిశ్రమకే ప్రాణం పోశాడు. యూబా తీరంలో డ్రెడ్జర్లు పోసిన రాళ్లగుట్టలు నేటికీ మైళ్ల పొడవున కనిపిస్తాయి.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఒక్కరు నడుపగల చిన్న పీల్పుడు డ్రెడ్జర్లు వచ్చాయి. అవి ఏటి అడుగును కదిలించినప్పుడు సాల్మన్ చేపల గ్రుడ్లకు ముప్పు కలుగుతుందనీ, పూర్వపు గనివాండ్రు వదిలిన పాదరసం తిరిగి నీటిలో కలుస్తుందనీ ఆందోళన బయలుదేరింది. 2009లో కాలిఫోర్నియా వాటి వాడకాన్ని నిలిపివేసింది. 1872 చట్టమిచ్చిన క్లెయిమ్‌ను రాష్ట్రం హరించరాదని ఒక గనివాడు వాదించగా, ఆ క్లెయిమ్ రాష్ట్రపు పర్యావరణ నియమాలకు అతీతం కాదని 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గనివాండ్ర తొలి సభలు వ్రాసిన నియమాలు తమలో తమకు న్యాయమైనవే. సమానులైనవారు ఒకచోట కూర్చుని పంచుకొన్నప్పుడు పంపకం సాధారణంగా సమంగానే ఉంటుంది. చట్టానికి నిజమైన పరీక్ష ఆ సభకు పిలువబడనివాని విషయంలో ఎదురవుతుంది. ఆదివాసికి ఆ చట్టం ఎన్నడూ న్యాయం చేయలేదు. చైనీయునిపై వేసిన పన్ను 1870లో గాని చెల్లక పోలేదు. దిగువ రైతు మూడు దశాబ్దాలు నిరీక్షించాడు. రేపు న్యాయవాదులుగా, అధికారులుగా, సంఘాలలో సభ్యులుగా నియమాలు వ్రాయబోయే విద్యార్థి మిత్రులు, కలం పట్టే ముందు తమ సభలో ఖాళీగా ఉన్న ఆసనం ఎవరిదో ఒక్క క్షణం విచారించాలని నా విన్నపం.