క్యామ్ టైమింగ్ జరిపితే పవర్ ఎందుకు పెరుగుతుంది? ఎలా జరపాలి?

కొత్త పిస్టన్లు, కొత్త హెడ్డు ఏవీ లేకుండా, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ గేరును నాలుగైదు డిగ్రీలు అటో ఇటో తిప్పి రేసు ఇంజిన్ల పవర్ పెంచుతారు. ఆ పవర్ ఎక్కడినుంచి వస్తుంది? అన్ని కార్లకూ ఈ పని పనికొస్తుందా?

పిస్టన్ అడుగుకు చేరాక కూడా ఇన్‌టేక్ వాల్వు ఎందుకు తెరిచి ఉంటుంది?

పిస్టన్ దిగుతూ గాలిని లోపలికి లాగుతుంది. అడుగుకు చేరగానే వాల్వు మూసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ గాలికీ బరువుంది, వేగం అందుకున్నాక ఉన్నపళంగా ఆగదు. పారుతున్న కుళాయిని ఠక్కున కట్టేస్తే పైపు అదిరిపడుతుంది కదా, అలాంటి ఊపే గాలికీ ఉంటుంది. 6000 ఆర్‌పిఎంలో పిస్టన్ పైనుంచి అడుగుకు రావడానికి పట్టేది సెకనులో 200వ వంతు. అంతలో సిలిండర్ పూర్తిగా నిండదు. అందుకే పిస్టన్ తిరిగి పైకి బయల్దేరి, క్రాంక్ మరో 40 నుంచి 60 డిగ్రీలు తిరిగేదాకా వాల్వును తెరిచే ఉంచుతారు. ఆ ఊపులో మరికాస్త గాలి లోపలికి దూరుతుంది. గాలి ఎంత ఎక్కువ చేరితే అంత పెట్రోలు మండించవచ్చు.

అదే 1500 ఆర్‌పిఎంలో గాలికి ఆ ఊపు ఉండదు. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే పైకి వస్తున్న పిస్టన్, లోపలికొచ్చిన గాలినే వెనక్కి నెట్టేస్తుంది. బండి లాగుడు తగ్గుతుంది. కాబట్టి టైమింగ్ మార్చేవాళ్లు తేల్చుకోవలసింది ఒక్కటే: ఏ వేగం దగ్గర సిలిండర్ నిండుగా నిండాలి?

ముందుకు జరపాలా, వెనక్కా?

ఇన్‌టేక్ క్యామ్‌ను ముందుకు జరిపితే, అంటే అడ్వాన్స్ చేస్తే, వాల్వు త్వరగా మూసుకుంటుంది. తక్కువ వేగంలో టార్క్ పెరుగుతుంది. వెనక్కి జరిపితే, అంటే రిటార్డ్ చేస్తే, పై వేగాల్లో పవర్ పెరిగి కింద తగ్గుతుంది. ఒకే క్యామ్ ఉన్న ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు కూడా దాంతోపాటే జరుగుతాయి. రెండు క్యామ్‌లుంటే వేటికవి జరపవచ్చు. అప్పుడు రెండు రకాల వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం, అంటే ఓవర్‌ల్యాప్, కూడా మన చేతిలోకి వస్తుంది. పై వేగాల్లో, ఎగ్జాస్ట్ పైపులు తగినట్టుంటే, బయటికి పోయే పొగ తన వెంట కొత్త గాలిని లాక్కొస్తుంది. ఐడిల్‌లో అదే ఓవర్‌ల్యాప్ ఇంజిన్‌ను వణికిస్తుంది.

ఈ రెండింటి మధ్య రాజీ వెతుకుతూనే హోండా 1989లో ఇంటిగ్రా కారులో వీటెక్ తెచ్చింది. 1.6 లీటర్ల బి16ఎ ఇంజిన్ 7600 ఆర్‌పిఎంలో 160 పీఎస్ ఇచ్చింది. మెల్లగా నడిచేటప్పుడు ఒక క్యామ్ ఆకారం, వేగంలో ఇంకో ఆకారం పనిచేసే ఏర్పాటది. రెండు క్యామ్‌లున్న ఆ ఇంజిన్‌కు జరపగలిగే గేర్లు బిగించి ట్యూన్ చేయడం ఔత్సాహికుల్లో మామూలైన పని.

ఎలా కొలవాలి?

గేరు మీది గీతలను నమ్మి తిప్పేయకూడదు. హెడ్ ఫేసింగ్ చేయించి, అంటే హెడ్ అడుగును కాస్త చెక్కించి ఉంటే, క్యామ్, క్రాంక్‌ల మధ్య దూరం తగ్గి టైమింగ్ అప్పటికే వెనకబడి ఉండవచ్చు. కాబట్టి ముందు ఉన్నదెంతో కొలవాలి.

క్రాంక్ కొసకు డిగ్రీ వీల్ బిగించాలి. పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటు, అంటే టీడీసీ, కంటికి దొరకదు. అక్కడ క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ దాదాపు కదలదు. అందుకే స్పార్క్ ప్లగ్ రంధ్రంలో ఒక స్టాపర్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు వైపులా, పిస్టన్ దానికి ఆనేదాకా మెల్లగా తిప్పాలి. రెండు రీడింగులకు సరిగ్గా మధ్యది టీడీసీ.

తర్వాత ఇన్‌టేక్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టాలి. వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు కూడా ఇలాగే దోబూచులాడుతుంది. కాబట్టి ఆ చోటుకు 1 మిల్లీమీటరు ముందూ వెనకా రీడింగులు తీసుకోవాలి. అవి టీడీసీ తర్వాత 80, 136 డిగ్రీలైతే, నడిమిది 108. అదే మీ క్యామ్ సెంటర్‌లైన్. కాగితం మీద రాసుకోండి.

ఇక గేరు బోల్టులు వదులు చేసి జరపవచ్చు. క్యామ్ 1 డిగ్రీ జరిగితే క్రాంక్ లెక్కలో అది 2 డిగ్రీలు. మన గేరు మీది అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో ముందే తెలుసుకోవాలి.

ఎక్కడ ప్రమాదం?

ఇన్‌టేక్‌ను అడ్వాన్స్ చేసినా, ఎగ్జాస్ట్‌ను రిటార్డ్ చేసినా, ఆ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది. తగిలితే వాల్వులు వంగుతాయి. పిస్టన్ తలమీద మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, హెడ్ విప్పి, మట్టిమీద వాల్వు నొక్కిన చోట మందం కొలవాలి. ఇన్‌టేక్ వైపు సుమారు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉండాలని సాధారణంగా చెబుతారు. ఎక్కడైనా అడ్డు తగిలినట్టుంటే బలవంతంగా తిప్పకండి.

ఆ తర్వాత డైనో మీద, అంటే పవర్ కొలిచే యంత్రం మీద, ఒక్కోసారి ఒక్క క్యామ్‌నే, కొద్దికొద్దిగా జరుపుతూ చూడాలి. వాల్వు త్వరగా మూసుకుంటే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి ఇంజిన్ నాకింగ్ మొదలుపెట్టవచ్చు. అందుకే ఇగ్నిషన్, పెట్రోలు మోతాదు మళ్లీ సరిచూడాలి.

మన కారుకు అవసరమా?

ఊళ్లో రోజూ తిరిగే బండి ఎక్కువగా 2000, 3000 ఆర్‌పిఎంల మధ్యే నడుస్తుంది. 7000 దగ్గర నాలుగు గుర్రాలు కలిసొచ్చి, ట్రాఫిక్‌లో లాగుడు పోతే అది నష్టమే. ఇవాళ్టి వీవీటీ ఇంజిన్లలో నడుస్తుండగానే కంప్యూటర్ క్యామ్‌ను జరుపుతుంది, వాటి జోలికి పోనక్కర్లేదు. ట్రాక్ మీద పరుగెత్తే పాత ఇంజిన్‌కైతే ఇది విలువైన పని. అప్పుడు కూడా డైనో కాగితంలో పెద్ద అంకె ఒక్కటే చూడకండి. మీరు గేర్లు మార్చే వేగాల మధ్య గీత మొత్తం పైకి లేచిందా, లేదా అన్నదే చూడండి.