రెండున్నర రూపాయల నుమాయిష్

జనవరి సాయంత్రం, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జరిగే నుమాయిష్. కూరగాయలు తరిగే పరికరం అమ్మే కుర్రాడు క్యారెట్‌ను చకచకా పూలుగా మారుస్తున్నాడు. మూగినవాళ్లు కళ్లప్పగించి చూస్తున్నారే గానీ ఎవరూ పర్సు తీయడం లేదు. చివరికి ఒకామె అడిగింది: "కడగాలంటే బ్లేడు ఊడొస్తదా బాబూ?" ఊడదీసి చూపించాడు. రెండు అమ్ముడుపోయాయి. తర్వాతి గుంపు రాగానే అతను క్యారెట్ ముట్టుకోలేదు. ముందు బ్లేడే ఊడదీశాడు.

మాదాపూర్ ఐటీ ఆఫీసుల్లో 'యూజర్ ఫీడ్‌బ్యాక్' పేరిట నెలలపాటు సాగే పని అక్కడ పది నిమిషాల్లో అయిపోయింది. కొన్నవాళ్లను మెచ్చుకోమని అడగడం కాదు, కొనకుండా నిలబడినవాళ్ల మనసులో అడ్డం పడుతున్నదేమిటో పట్టుకోవడం అసలు విద్య. టెక్నాలజీ స్టార్టప్ పెట్టే పిల్లలు నుమాయిష్‌లో ఒక వారం స్టాల్‌ పక్కన నిలబడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఆ మాటకొస్తే నుమాయిషే ఒక స్టార్టప్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాద్ రాజ్యపు ఆర్థిక స్థితిగతులపై సర్వే చేద్దామనుకున్నారు. డబ్బు లేదు. ఇక్కడ తయారైన వస్తువులతో ప్రదర్శన పెడితే నిధులు వస్తాయన్నది ఆలోచన. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల పాటు 'నుమాయిష్ మస్నువాతె ముల్కీ' (స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన) నడిచింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు.

స్థలం ఉన్న తోటే, సరుకు ఊళ్లోదే. జనం వస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. తోట చాలక ఇప్పటి మైదానానికి మారింది 1946లో, సర్ మీర్జా ఇస్మాయిల్ హైదరాబాద్ రాజ్య ప్రధానిగా ఉన్నప్పుడు. అంటే ఎనిమిదేళ్ల తర్వాత! నాకు ఈ ఓపికే అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. మొదటి పెట్టుబడి చేతిలో పడగానే అద్దాల ఆఫీసు తీసుకునేవాళ్లు ఈ ఎనిమిదేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత రెండేళ్లు ప్రదర్శన జరగలేదు. 1949లో రాజాజీ తిరిగి ప్రారంభించేనాటికి పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా మారింది. 'ముల్కీ' అన్న మాట మీదే పుట్టిన సంస్థ ఆ మాటనే వదులుకుంది. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్‌ పని వచ్చి చేరాయి. పుట్టించినవాళ్లకు అలా ఆ మాట వదులుకోవడం తేలికైన పని కాదు.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్‌దీ ఇలాంటి కథే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి టికెట్ దొరకని ఫణీంద్ర సామ, బిట్స్ పిలానీలో చదివిన మిత్రులతో కలిసి ముందు ఏజెంట్ల దగ్గరికే వెళ్లి సీట్లు ఎలా అమ్ముడవుతాయో తెలుసుకున్నారు. వాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ను బస్సు యజమానులు పెద్దగా పట్టించుకోలేదు. దాంతో 2006లో తామే టికెట్లు అమ్మడానికి దిగారు. రాసుకున్న కోడ్ మీద మమకారం చంపుకోకపోతే ఆ కంపెనీ లేదు.

తిరిగి నుమాయిష్‌కి వస్తే, 2019 జనవరి 30 రాత్రి అక్కడ మంటలు లేచి స్టాళ్లు బూడిదయ్యాయి. ఇరుకు సందుల్లో ఒకదానికొకటి ఆనుకున్న దుకాణాలు అవి. మరుసటి ఏడాది స్టాళ్ల సంఖ్య బాగా తగ్గించారు, దారులు వెడల్పు చేశారు. స్టాల్ తగ్గితే అద్దె తగ్గుతుంది. ఆదాయం పోతుందని తెలిసీ కోత పెట్టడమే ప్రొడక్ట్ మేనేజర్‌కు అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. అది నిప్పు అంటుకున్నాక కాక, ముందే తీసుకుని ఉండవలసిందని నా బాధ.

పేరు మారింది, చోటు మారింది, సరుకు మారింది. వచ్చిన డబ్బు సమాజానికే పోవాలన్నది మాత్రం మారలేదు. ఫిబ్రవరిలో జెయింట్‌వీల్ విప్పేశాక కూడా ఆ మైదానంలో సందడి ఆగదు. నుమాయిష్‌ను నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీయే నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అక్కడే ఉన్నాయి. పొద్దున్నే నాంపల్లి స్టేషన్‌లో దిగిన అమ్మాయిలు బ్యాగులు భుజాన వేసుకుని ఆ గేటు వైపే నడుస్తారు.