విద్యుద్వాహకములు

ఊరి వెలుపల నిలిచియున్న విద్యుత్తు స్తంభమును నిదానించి చూచినవారికి రెండు వస్తువులు కానవచ్చును. ఒకటి కనుచూపు మేరకు సాగిపోవు లోహపు తీగ. రెండవది ఆ తీగను స్తంభమునకు తగులనీయక పట్టియుంచు పింగాణి బుడ్డి. మొదటిది విద్యుత్తునకు దారి యిచ్చును; రెండవది దారి నడ్డగించును. తీగ లేనిచో విద్యుత్తు ఇల్లు చేరదు. పింగాణి లేనిచో అది స్తంభము వెంట భూమిలోనికి దిగిపోవును. తమగుండా విద్యుత్తును సులభముగా పోనిచ్చు పదార్థములను విద్యుద్వాహకము లనియు, పోనీయని వానిని విద్యుద్బంధకము లనియు అందురు. ఏ పదార్థము ఏ తెగకు చెందినదో తెలిసికొనుట పరీక్షల కొరకే కాదు, ప్రాణరక్షణమునకును అవసరము.

ఈ భేదమును మొట్టమొదట స్పష్టముగా కనుగొన్నవాడు స్టీఫెన్ గ్రే అను ఆంగ్లేయుడు. ఈతడు వృత్తిచే బట్టలకు రంగులద్దువాడు. వార్ధక్యమున లండను నగరమందలి ఒక ధర్మసత్రమున ఆశ్రయము పొందియుండెను. అప్పటికి బ్యాటరీ పుట్టలేదు. గాజు గొట్టమును రుద్దినచో అది ఈకలవంటి తేలిక వస్తువుల నాకర్షించునని మాత్రము తెలిసియుండెను. 1729వ సంవత్సరమున గ్రే అట్టి గొట్టపు మూతిని బిరడాతో మూసి రుద్దగా, రుద్దబడని బిరడా సైతము ఈక నాకర్షించెను. గొట్టమునందలి గుణము బిరడాలోనికి నడచివచ్చినదని ఆతడు గ్రహించెను. పిమ్మట గొట్టమునకు పొడవైన త్రాడు తగిలించి, దాని కొనకు దంతపు బంతిని కట్టి, ఎత్తునుండి వ్రేలాడవిడిచెను. బంతియు తేలిక వస్తువులను లాగెను.

త్రాటిని అడ్డముగా సాగదీసి మరింత దూరము పంపవలెనని గ్రేకు కోరిక కలిగెను. దూలమునుండి జారవేసిన త్రాళ్లతో దానిని కట్టగా ప్రయోగము విఫలమయ్యెను. విద్యుత్తు ఆ కట్టుత్రాళ్ల గుండా దూలములోనికి పోయినదని ఆతడూహించెను. అదే యేడు జూలై నెలలో గ్రాన్‌విల్ వీలర్ అను మిత్రుని యింట సన్నని పట్టుదారములతో త్రాటిని కట్టి చూచిరి. ఈసారి ప్రయోగము ఫలించెను. దారము సన్ననిదగుటచే విద్యుత్తు తప్పించుకొనలేదని వారు భావించిరి. కాని పొడవు పెంచగా బరువునకు పట్టుదారము తెగిపోయెను. దానికి బదులు గట్టిదియు సన్ననిదియు అగు ఇత్తడి తీగను కట్టిరి. వెంటనే బంతి ఆకర్షించుట మానెను! ముఖ్యమైనది సన్నదనము కాదు, పదార్థమే యని అప్పుడు వారికి తేటపడినది. పట్టు విద్యుత్తును నిలిపినది, ఇత్తడి జారవిడిచినది. ఒక దారము తెగుటచే గొప్ప సత్యమొకటి వెల్లడియైనది.

ఇత్తడికిని పట్టునకును ఇంత భేదమేల? దీనికి సమాధానము దొరకుటకు మరి రెండు శతాబ్దములు పట్టెను. 1897లో జె. జె. థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాను అను ఋణ విద్యుత్కణమును కనుగొనెను. ప్రతి పరమాణువునందును నడుమ కేంద్రకమును, దాని చుట్టును ఎలక్ట్రానులును ఉండును. రాగి, అల్యూమినియము, వెండి మొదలగు లోహములలో వెలుపలి ఎలక్ట్రానులు తమ పరమాణువులను గట్టిగా అంటియుండవు. అవి లోహమంతటను స్వేచ్ఛగా తిరుగాడుచుండును. తీగ రెండు కొనలను బ్యాటరీకి తగిలించినంతనే అవి ఒకే దిక్కునకు జరుగ నారంభించును. ఈ జరుగుటయే విద్యుత్ప్రవాహము. గాజు, పింగాణి, రబ్బరు, లక్క, పట్టు వంటి పదార్థములలో ఎలక్ట్రానులు తమ తావులను విడిచి కదలజాలవు. కనుక అవి బంధకములైనవి.

మీట నొక్కినంతనే దీపము వెలుగుటను చూచి, ఎలక్ట్రానులు మెరుపువేగమున పరుగిడునని పలువురు తలంతురు. అది పొరపాటు. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగితీగలో ఒక ఆంపియరు ప్రవాహము ఏకదిశగా సాగునపుడు, ఎలక్ట్రానులు ఒక మీటరు జరుగుటకు సుమారు మూడు మూడుంబావు గంటలు కాదు, మూడున్నర గంటలకు పైగా పట్టును. మరి దీపము వెంటనే వెలుగుటెట్లు? నీరు నిండియున్న గొట్టమునకు ఒక కొనను మరికొంత నీరు నెట్టినచో, రెండవ కొనను నీరు తక్షణమే వెలువడును. వెలువడిన నీరు ఇప్పుడు నెట్టిన నీరు కాదు. అట్లే తీగ యంతయు ముందే ఎలక్ట్రానులతో నిండియున్నది. కదలుడను ప్రేరణము వేగముగా వ్యాపించును. కదలెడు కణములు మాత్రము నత్తనడక నడచును.

వాహకములన్నియు సమానములు కావు. ఎలక్ట్రానులు సాగునపుడు, కంపించుచున్న పరమాణువులును లోహమందలి మాలిన్యములును వానికి అడ్డుతగులును. ఈ అడ్డునకే నిరోధమని పేరు. దానిని ఓములలో కొలుతురు. లోహములలో వెండి అత్యుత్తమ వాహకము. దాని వెనుక రాగి. ఒకే కొలతగల తీగలలో ఇనుము నిరోధము రాగికి దాదాపు ఆరు రెట్లు. విద్యుత్తు కుంపటిలోని నిక్రోము తీగ నిరోధము రాగికి సుమారు అరువది రెట్లు. అందుచేతనే అది ఎఱ్ఱగా కాగి వేడి నొసగును. అల్యూమినియము రాగికన్న కొంత తక్కువ వాహకమైనను మిక్కిలి తేలిక. రాగితీగతో సమానముగా విద్యుత్తును మోయుటకు అల్యూమినియపు తీగ లావుగా నుండవలెను. ఐనను దాని బరువు రాగితీగ బరువులో సగమే యగును. కావున దూరప్రాంతములకు పోవు పెద్ద తీగలను అల్యూమినియముతో చేసి, బలమునకై నడుమ ఉక్కుతీగల నుంచుదురు.

లోహములు కానివియు వాహకములు కావచ్చును. పెన్సిలులోని నల్లని కడ్డీయందున్న గ్రాఫైటు విద్యుత్తును పోనిచ్చును. అదే కర్బనముతో నేర్పడిన వజ్రము పోనీయదు. గ్రాఫైటులో కొన్ని ఎలక్ట్రానులకు స్వేచ్ఛ గలదు, వజ్రములో లేదు. ద్రవముల సంగతి వేరు. మిక్కిలి శుద్ధమైన నీరు విద్యుత్తును అత్యల్పముగా మాత్రమే పోనిచ్చును. అందులో చిటికెడు ఉప్పు కలిపినచో ఉప్పు ధన, ఋణ కణములుగా విడిపోయి, విద్యుత్తును మోసికొనిపోవును. బావినీటను, చెరువునీటను, మానవుని చెమటలోను లవణములుండును. కావున నిత్యజీవితమున మనకు తారసిల్లు నీరంతయు వాహకమనియే ఎంచవలెను.

వాహకములకును బంధకములకును నడుమ సిలికాను వంటి అర్ధవాహకములు కలవు. వానిలో స్వల్పముగా భాస్వరమునో, బోరానునో కలిపి వాహకత్వమును కోరినంత పెంచవచ్చును. 1947లో అమెరికాలో రూపొందిన ట్రాన్సిస్టరు అర్ధవాహకముల ఫలమే. నేటి గణనయంత్రములకును, చేతిఫోనులకును ఇవియే ఆధారము. మరియొక వింత యేమన, కొన్ని లోహములు మిక్కిలి చల్లబడినపుడు నిరోధమును పూర్తిగా కోల్పోవును. 1911లో కామర్లింగ్ ఓన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు సుమారు మైనస్ 269 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద పాదరసమందు ఈ గుణమును కనుగొనెను. ఇట్టి పదార్థములను అతివాహకము లందురు.

ఇక ప్రాణరక్షణ విషయము. మానవదేహమును వాహకమే. పొడి చర్మము కొంత అడ్డుకొనును గాని, ఇండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు ఆ అడ్డును ఛేదింపగలదు. తడిసిన దేహపు నిరోధము సుమారు వేయి ఓములనుకొన్నచో, ఓము నియమము ననుసరించి 230 వోల్టులను వేయిచే భాగింపగా, ఆంపియరులో నాల్గవ వంతునకు కొంచెము తక్కువ ప్రవాహము దేహముగుండా పోవును. అందులో సగమైనను గుండె లయను తప్పించి ప్రాణము తీయగలదు. తీగపై వ్రాలిన పక్షి చావకుండుటకు దాని కాళ్లలో మహిమ యేదియు లేదు. దాని రెండు కాళ్లును ఒకే తీగపై నున్నవి; భూమికి పోవు దారి లేదు. నేలపై నిలిచి తీగను తాకిన మనుష్యునకు ఆ దారి తన దేహమే యగును.

పల్లెలలో బట్టలారవేయుటకు ఇనుపతీగతో దండెము కట్టుట గలదు. పైపొర చిట్లిన విద్యుత్తు తీగ ఆ దండెమునకు తగిలినచో, తడిబట్టను ఆరవేయ వచ్చిన తల్లి ప్రాణమునకే ముప్పు. దండెమునకు నూలుత్రాడో, ప్లాస్టిక్ త్రాడో వాడి, దానిని విద్యుత్తు తీగలకు దూరముగా కట్టుట మేలు. తీగల చెంతనున్న చెట్ల కాయలను దోటితో కోయరాదు. పచ్చి వెదురును, తడిసిన కఱ్ఱయు విద్యుత్తును పోనిచ్చును. మోటారు వద్ద భూమిలో పాతిన తీగ, లోపము కలిగినపుడు విద్యుత్తునకు సులభమైన దారి చూపి, ఫ్యూజు తెగునట్లు చేసి మనుష్యుని కాపాడును. ఆ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి వేసవిలో నీరు పోయుట నేల వాహకత్వమును నిలుపుటకే.

ఎవరికైన విద్యుద్ఘాతము తగిలినచో వారిని చేతితో పట్టుకొనరాదు. పట్టుకొన్నవారును ఆ దారిలో భాగమగుదురు. ముందు మీటను ఆపవలెను. అది వీలుకానిచో, ఇంటి విద్యుత్తు విషయమున, పొడి నేలపై నిలిచి బాగుగా ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపవలెను. స్తంభమునుండి తెగిపడిన తీగ దరికి మాత్రము పోక, ఇతరులను పోనీయక, విద్యుత్తు కార్యాలయమునకు తెలుపవలెను.

విద్యుత్తునకు మిత్రుడనియు శత్రుడనియు భేదము లేదు. దారి యున్నచోటికి అది పోవును. ఏ పదార్థము దారి యిచ్చునో, ఏది యీయదో యెఱిగి మెలగువానికి అది దీపము వెలిగించును, చేనికి నీరు తోడును. ఎఱుగని వానిని క్షమింపదు.