ఆ టాంగో తర్వాత...

డిసెంబరు దాటిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో స్కూళ్ల వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. షామియానాలు, అద్దె డ్రెస్సులు, గుండెలదిరే డీజే బాక్సులు. ఊళ్లోని డాన్స్ మాస్టర్లకు ఆ రెండు నెలలూ తీరికే ఉండదు. పొద్దున ఒక స్కూలు, మధ్యాహ్నం ఇంకో స్కూలు. కొత్త పాటలు ఎన్నొచ్చినా ‘వచ్చిండే’, ‘సారంగదరియా’ అనగానే ఆడపిల్లల బృందం హుషారుగా లేచి నిలబడుతుంది.

అక్కడే మరో సంగతీ గమనించొచ్చు. ఐదో తరగతిలో ముందు వరసలో ఆడిన పిల్ల ఎనిమిదికి వచ్చేసరికి వెనక వరసలోకి జరుగుతుంది. పదో తరగతి దాటాక చాలామంది స్టేజీ మీదే కనిపించరు. కారణం అడిగితే ఇళ్లల్లో వినపడే మాటలు రెండే. ‘డాన్సు కూడు పెడుతదా?’ అన్నది ఒకటి. ‘నలుగురు చూస్తే ఏమనుకుంటరు?’ అన్నది రెండోది. మొదటిదానికి ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. రెండోది అంత తేలిగ్గా వదలదు... ఎంత పేరొచ్చినా సరే. పైన చెప్పిన రెండు పాటల్లోనూ ఆడిన సాయిపల్లవి ప్రయాణం చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

రెండు పోటీలు... రెంటిలోనూ ఓటమి

సాయిపల్లవి సొంతూరు నీలగిరి కొండల్లోని కోటగిరి. పెరిగింది కోయంబత్తూరులో. పుట్టింది 1992 మే 9న. సంప్రదాయ నృత్యాన్ని గురువు దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. టీవీలో పాటలు చూసి ఆడటం, స్కూల్లో స్టేజీ ఎక్కడం, అంతే. 2008లో విజయ్ టీవీ ‘మీలో తర్వాతి ప్రభుదేవా ఎవరు?’ అన్న అర్థం వచ్చే పేరుతో తమిళంలో ఓ పోటీ పెట్టింది. అందులో పాల్గొంది. మరుసటేడు హైదరాబాద్ వచ్చి ఈటీవీ ‘ఢీ’లో ఆడింది. రెండింటిలోనూ మొదటి స్థానం ఆమెకు రాలేదు. టీవీ పోటీల్లో ఓడినవాళ్ల పేర్లు తర్వాతి సీజన్ నాటికే జనం మరిచిపోతారు. ఆమెనూ మరిచిపోయారు.

బుల్లితెర డాన్సు అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండదు. బ్రిటన్‌లో బీబీసీ 2004లో మొదలుపెట్టిన ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ పద్ధతి వేరు. నటులో, ఆటగాళ్లో ఒకవైపు, బాల్‌రూమ్ నృత్యంలో చేయి తిరిగిన వృత్తి డాన్సర్లు మరోవైపు. అడుగు వేయడం రానివాళ్లకి వాల్ట్జ్, టాంగో, రుంబా నేర్పి, వాళ్లతోనే జోడీగా ఆడి మార్కులు తెప్పించాలి. ఆ నమూనాతోనే సోనీ టీవీ 2006లో ‘ఝలక్ దిఖ్‌లా జా’ తెచ్చింది. తెలుగులో ‘ఢీ’, ‘ఆట’ లాంటివి వేరే దారి పట్టాయి. ఇక్కడ ఆడేవాళ్లు చిన్న ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు. వాళ్ల వెనక నిలబడేది కొరియోగ్రాఫర్. విజయవాడ కుర్రాడు శేఖర్ అలా ‘ఢీ’లో మాస్టరుగా పేరు తెచ్చుకుని, సినిమాలకు పనిచేస్తూ, తర్వాత అదే షోలో న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చున్నాడు.

అందరి కథా అలా ముగియదు. ‘ఢీ’తోనే పేరొచ్చిన కొరియోగ్రాఫర్ చైతన్య 2023 ఏప్రిల్‌లో అప్పుల బాధతో నెల్లూరులో ప్రాణం తీసుకున్నాడు. పేరొచ్చినంతగా సంపాదన రాలేదన్నది ఆయన చివరగా చెప్పుకొన్న బాధ. కూడు పెడుతుందా అని అడిగే తల్లిదండ్రులను తప్పు పట్టలేం.

సాయిపల్లవి కూడా డాన్సునే నమ్ముకుని కూర్చోలేదు. జార్జియా దేశానికి వెళ్లి టిబిలిసీ వైద్య విశ్వవిద్యాలయంలో చేరింది. 2016లో డాక్టరు పట్టా అందుకుంది. హీరోయిన్‌గా తీరికలేని రోజుల్లోనూ ఆ దారి పూర్తిగా వదల్లేదు. విదేశాల్లో చదివిన డాక్టర్లకు మన దేశంలో పెట్టే అర్హత పరీక్ష రాయడానికి 2020 ఆగస్టులో తిరుచ్చి వెళ్లింది. అప్పటికి కరోనా రోజులు. మాస్కు పెట్టుకున్నా పరీక్ష కేంద్రంలో జనం గుర్తుపట్టేశారు!

వెనక్కి నడిచే నృత్యం

టిబిలిసీలో చదువుకునేటప్పుడు ఆమె ఓ స్టేజీ ప్రదర్శన కోసం టాంగో నేర్చుకుంది. టాంగో అర్జెంటీనా, ఉరుగ్వే రేవు పట్టణాల్లోని పేదల వాడల్లో 19వ శతాబ్దం చివర పుట్టింది. తర్వాత యూరప్ చేరి, అక్కడి బాల్‌రూమ్ పద్ధతిలో ఇంకో రూపం తీసుకుంది. అర్జెంటీనా టాంగోను యునెస్కో 2009లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మన సినిమా స్టెప్పులు వచ్చినవాళ్లకు ఇది చాలా కష్టం. సినిమా పాటలో ఎవరి బీటు వాళ్లది. టాంగోలో అలా కుదరదు. మగవాడు ఛాతీని కాస్త కదిపి తర్వాతి అడుగు ఎటో చెబుతాడు. అమ్మాయి ఆ సూచన అందేదాకా ఆగాలి. తొందరపడి ముందే అడుగేస్తే జోడీ చెదిరిపోతుంది. పైగా ఎక్కువసేపు ఆమె వెనక్కి నడవాలి, అదీ ఎత్తు మడమల చెప్పులతో, వెనక ఏముందో చూడకుండా. అడుగు పొడుగ్గా పడాలి. నేల మీద పాదంతో ఎనిమిది అంకె గీసినట్టు తిరగాలి. ఒక్కోసారి మోకాలు మడిచి ఎదుటివాడి కాళ్ల మధ్య నుంచి పాదాన్ని విసరాలి. టాంగో గౌనుకు పక్కన చీలిక పెట్టేది అందుకే. చీలిక లేకపోతే బట్ట కాళ్లకు అడ్డం పడి మనిషి బోర్లా పడుతుంది. మన పొలాల్లో నాట్లు వేసేటప్పుడు చీర ఎగ్గట్టడం లాంటిదే ఇదీ. పనికి తగ్గ కట్టు.

ఆ రోజు స్టేజీ మీద ఆమె అలాంటి గౌనులోనే ఆడింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు, అక్కడితో అయిపోయింది. 2015 మేలో మలయాళం ‘ప్రేమమ్’ విడుదలైంది. చీరకట్టులో, మొటిమలున్న ముఖంతో, మేకప్ జోలికి పోని మలర్ టీచర్‌ను జనం నెత్తిన పెట్టుకున్నారు. వెంటనే పాత టాంగో వీడియోను ఎవరో వెదికి పట్టారు. ఆన్‌లైన్‌లో అది తెగ తిరిగింది. అంతవరకూ అది డాన్సు. ఇప్పుడు జనం చూసింది గౌను చీలికనే. అడుగులు ఎంత శుభ్రంగా పడ్డాయో మాట్లాడినవాళ్ల కంటే కాళ్లు ఎంత కనిపించాయో మాట్లాడినవాళ్లే ఎక్కువ. ఆ మాటలు తనను ఇబ్బంది పెట్టాయని, అలాంటి బట్టలు ఇక వేసుకోకూడదని అప్పుడే అనుకున్నానని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

ఈ నిర్ణయాన్ని పొగిడినవాళ్లు బోలెడుమంది. ‘పద్ధతైన అమ్మాయి’ అన్న ముద్ర అలాగే పడింది. పొగడ్త సంగతి సరే, వెక్కిరింపులకు జంకి ఒక డాన్సర్ తన నృత్యానికి అవసరమైన దుస్తులనే పక్కన పెట్టాల్సి రావడం మెచ్చుకోవాల్సిన విషయమేమీ కాదు. సూర్యాపేటకు కూతవేటు దూరంలో పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన ఆ గుళ్ల స్తంభాల మీద నాట్యకత్తెలు ఒంటి విరుపులతో కనిపిస్తారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ శిల్పాల కట్టు మీద అక్కడికెళ్లిన ఏ కుటుంబమూ వ్యాఖ్యానించదు. దండం పెట్టుకుని వస్తుంది.

నల్లగొండ మాట, ఆమె ఆట

2017 జులైలో ‘ఫిదా’ వచ్చింది. శేఖర్ కమ్ముల సృష్టించిన బాన్సువాడ భానుమతికి సాయిపల్లవి తన గొంతే ఇచ్చి, తెలంగాణ యాస పలికింది. ‘వచ్చిండే’ పాటకు అడుగులు కూర్చింది శేఖర్ మాస్టర్. ఆ పాట రాసిన సుద్దాల అశోక్‌తేజది ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సుద్దాల. జానపదం ఆధారంగా 2021లో ‘లవ్ స్టోరీ’కి ‘సారంగదరియా’ రాసిందీ ఆయనే, ఆడించిందీ శేఖర్ మాస్టరే. కథలు బాన్సువాడ, ఆర్మూరుల్లో జరిగినా పాట మాత్రం నల్లగొండ వైపు నుంచే వెళ్లిందన్నమాట!

రెండు పాటల్లోనూ ఆమె ఒంటి నిండా బట్టతోనే ఆడింది. దాంతో ఆట వేరే చోట వెదుక్కోవాల్సి వచ్చింది. లంగా గిర్రున తిరగడంలో, భుజాల విరుపులో, మెడ తిప్పడంలో, ముఖ్యంగా బీటుకు అరక్షణం ముందే నవ్వే కళ్లలో. స్కూలు పిల్లలు స్టెప్పులు ఇట్టే పట్టేస్తారు. ఆ కళ్లే ఎవరికీ రావు.

మధ్యలో 2018 చివర్న తమిళ ‘మారి 2’లో ‘రౌడీ బేబీ’ వచ్చింది. నృత్యం సమకూర్చినవారిలో ప్రభుదేవా ఒకరు. పదేళ్ల క్రితం ఆయన పేరుతో పెట్టిన పోటీలో గెలవని అమ్మాయికి ఆయనే స్టెప్పులు చెప్పాడు. ఆ పాటను యూట్యూబ్‌లో చూసిన లెక్క 2020లో నూరు కోట్లు దాటింది.

‘లవ్ స్టోరీ’లో ఆమె వేసిన మౌనిక పాత్రనూ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఉద్యోగం కోసం పట్నం వచ్చి, ఎంత తిరిగినా దొరక్క, చివరికి జుంబా సెంటర్లో డాన్సు నేర్పుతూ నిలదొక్కుకునే అమ్మాయి. అంటే, కూడు పెట్టింది డాన్సే.

స్కూలు వార్షికోత్సవం నాటికి ‘సారంగదరియా’ లంగాఓణీ అద్దె దుకాణంలో దొరుకుతుంది. ఆ డ్రెస్సుకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. అద్దె కట్టి తెచ్చుకుంటారు, సెల్‌ఫోన్లో వీడియో తీసి చుట్టాలకు పంపుతారు. మరుసటేడు అదే పిల్ల తొమ్మిదికో పదికో వచ్చాక, డాన్స్ మాస్టర్ పేర్లు రాసుకుంటూ ఆమె వైపు చూస్తే ‘ఇంట్ల వద్దన్నరు సర్’ అంటుంది.