మొండి తామరకు వాము సాయం

తామర నడుము పట్టీ దగ్గరో, గజ్జల్లోనో చిన్న ఎర్రమచ్చతో మొదలవుతుంది. రోజులు గడిచేకొద్దీ గుండ్రంగా పాకుతుంది. అంచు ఉబ్బి పొట్టు రేగుతుంది, నడిమి భాగం మానినట్టు కనిపిస్తుంది. రాత్రిళ్లు దురదకు నిద్ర పట్టదు. మందుల షాపులో అడిగితే ఓ ట్యూబు చేతిలో పెడతారు. రాసిన రెండు రోజులకే దురద చల్లారుతుంది. నెల తిరిగేసరికి మచ్చ తొడల దాకా వస్తుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది.

అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ తామరను చంపదు. తామరతో పోరాడుతున్న మన చర్మాన్నే నిద్రపుచ్చుతుంది. ఇలా సగం సగం వైద్యం సాగిన చోట మందుకు లొంగని తామర బలపడింది. నేపాల్, భారతదేశాల నుంచి జపాన్ వెళ్లిన రోగుల్లో ఈ తామర శిలీంధ్రాన్ని గుర్తించి, జపాన్ శాస్త్రజ్ఞులు 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశమే ఉంది.

ఇది టెర్బినఫిన్ అనే తామర మందుకు ఎందుకు లొంగదు? శిలీంధ్రం తన కణత్వచాన్ని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థంతో కట్టుకుంటుంది. ఆ తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఒక మెట్టు. టెర్బినఫిన్ వెళ్లి ఆ ఎంజైమ్‌లో ఇరుక్కుని పని ఆపేస్తుంది. మొండి తామరలో చాలాసార్లు ఆ ఎంజైమ్ 397వ స్థానంలో ఫినైలలనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ల్యూసిన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో మందు పట్టు జారిపోతుంది.

మరో మందు వాడదామంటే మన చేతిలో ఉన్నవి కొద్ది రకాలే. బ్యాక్టీరియా కణం మన కణానికి చాలా దూరం కాబట్టి దాన్ని వేరుగా కొట్టడం తేలిక. శిలీంధ్రం అలా కాదు, జీవవృక్షంలో అది మనకు దగ్గరి చుట్టం. మన కణత్వచంలో కొలెస్టెరాల్ ఉంటే దాని కణత్వచంలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఇలాంటి చిన్న చిన్న తేడాలను పట్టుకునే మందు తయారు కావాలి.

ఈ పోరాటంలో మనకంటే ఎంతో ముందు దిగినవి మొక్కలు. వరికి అగ్గితెగులు, మినుముకు బూడిద తెగులు, వేరుశనగకు తిక్క తెగులు. ఇవన్నీ శిలీంధ్రాల పనే. మొక్కకు మనలా యాంటీబాడీలు లేవు, పారిపోవడానికి కాళ్లూ లేవు. అందుకే అది తన ఒంట్లోనే రసాయనాలు వండుకుంది. నాలుగు వాము గింజలు తీసుకుని బొటనవేలితో నలపండి. గింజ మీది సన్నటి గీతల నడుమ, తొక్క లోపలున్న నూనె నాళాలు చిట్లి ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ ఘాటు థైమాల్ అనే రసాయనానిది. కొవ్వులో కరిగే గుణం ఉండటం వల్ల అది శిలీంధ్రపు త్వచంలోకి చొరబడి దాన్ని వదులు చేస్తుంది. లోపలి సరుకు బయటికి కారిపోతుంది. లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ కూడా ఇలాగే కణత్వచాన్ని దెబ్బతీస్తాయి.

మొక్కల నుంచి తామర మందు రావడం కొత్తేమీ కాదు. విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటులో 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. మొదటిదాన్ని రసాయనవేత్తలు తొలుత తీసింది మనం పొగ వేసుకునే సాంబ్రాణి జిగురు నుంచే. రెండోదాని దారి విల్లో చెట్టు బెరడుతో మొదలైంది.

ఇప్పుడు ఎక్కువ ఆశ పుట్టిస్తున్నది మొక్క రసాయనాన్ని పాత మందుకు తోడుగా వాడటం. ప్రయోగశాలలో దీన్ని చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పళ్లెంలో చూస్తారు. వరుసకు 12 చొప్పున 8 వరుసలు, మొత్తం 96 గుంతలు. ఒక వైపు నుంచి మందును, రెండో వైపు నుంచి మొక్క రసాయనాన్ని సగం సగం చేస్తూ పోస్తారు. అన్నిటిలో శిలీంధ్రాన్ని వేసి, అది పెరిగే దాకా వెచ్చగా ఉంచుతారు. శిలీంధ్రం పెరిగిన గుంత మసకబారుతుంది, పెరగనిది తేటగా ఉంటుంది. రెండింటి మోతాదూ విడివిడిగా అవసరమైనదానిలో నాలుగో వంతుకు దిగినా గుంత తేటగానే మిగిలితే అవి ఒకదానికొకటి బలమిస్తున్నట్టు లెక్క.

ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా పరిశోధకులు 2013లో ప్రచురించిన పని ఇలాంటిదే. ఫ్లుకోనజోల్ అనే మందుకు లొంగని క్యాండిడా ఆల్బికన్స్ శిలీంధ్రం తన లోపలికొచ్చిన మందును పంపులతో తోడి బయట పోస్తుంది. థైమాల్, కార్వక్రాల్ అనే మొక్క రసాయనాలు ఆ పంపులకు అడ్డుపడి, ఫ్లుకోనజోల్ మళ్లీ పనిచేసేలా చేశాయి.

అయితే పళ్లెంలో గెలిచినది ఒంట్లోనూ గెలవాలి. పసుపులోని కర్కుమిన్ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. థైమాల్ చిక్కగా తగిలితే చర్మం మండుతుంది. పంటను బట్టి, నేలను బట్టి వాము గింజలో దాని పాళ్లు మారతాయి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి పడదు అన్నవి మనుషుల మీద జరిపే క్రమబద్ధమైన పరీక్షల్లో తేలాలి. మన దేశంలో రోగులున్నారు, మొక్కలున్నాయి, ప్రయోగశాలలూ ఉన్నాయి. ఈ పరీక్షలు ఇక్కడ జరగడం న్యాయం.

అంతవరకు మచ్చ మీద వాము నూనె పూయకండి, వెల్లుల్లి నూరి కట్టకండి. చర్మం కాలి పుండు పడుతుంది. స్టెరాయిడ్ ట్యూబును సొంతంగా వాడకండి. చర్మ వైద్యులు మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. దారాల్లాంటి శిలీంధ్రం అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత రాసిచ్చిన మందును దురద తగ్గగానే వదిలేయకుండా, చెప్పినన్నాళ్లూ వాడండి. ఇంట్లో దురద ఉన్నవాళ్లందరినీ వెంట తీసుకెళ్లండి.