చెక్క పెట్టెకు సందులెందుకు?

తెలంగాణలోని తొర్రూరు 2018లో మున్సిపాలిటీ అయింది. అలాంటి ఊళ్లో తడి చెత్త మున్సిపాలిటీ బండెక్కకుండా పెరట్లోనే ఎరువవడం ఎంతో మేలు. అందుకు చేసే అందమైన చెక్క పెట్టెలో పలకల మధ్య వేలెడు సందులు ఎందుకు?

గాలి కోసం! చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కావాలి. అందకపోతే కంపు. పెట్టె మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే లోపలి వేడి నిలుస్తుంది. 55 డిగ్రీలు దాటితే కలుపు గింజలు చాలావరకు చస్తాయి.

అడుగు పలక వద్దు. వేడి తగ్గాక వానపాములు నేల నుంచే ఎక్కుతాయి. చెదలు పట్టకుండా మూల గుంజలను ఇటుకల మీద నిలపాలి. రంగులు, ముగ్గులు బయటివైపే!

కూరగాయ తొక్కల మీద వాటికి రెండింతల ఎండుటాకులు పరవాలి. ఆ మిశ్రమాన్ని గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు సిద్ధం.